మొదటి ఆప్షన్

మిర్యాలగూడ,
24 ఆగస్టు 2025.

మామా,

నేను మంజులను. అమ్మకు దగ్గు అట్లనే ఉంది, మిల్లులో దుమ్ము అట్లనే ఉంది. రెండూ పోయేవి కావు కాబట్టి ఇక వాటి గురించి రాయను.

పీజీ ఎంట్రన్స్ ర్యాంకు వచ్చింది, ఫిజిక్స్‌లో. మంచి ర్యాంకే. నెట్ సెంటర్ ఆయన చూసి "ఏ కాలేజీల చదివినవ్ చెల్లె?" అన్నాడు. "ఏ కాలేజీ లేదు, ఓపెన్ డిగ్రీ" అన్నాను. "మరి సార్లెవరు?" అంటే "పుస్తకాలే" అన్నాను. నమ్మలేదు. నమ్మకుంటే నాకేం.

ఇప్పుడు నీతో పని పడింది. అప్లికేషన్ పెట్టిన రోజు నా ఫోన్ పగిలి ఉంది, అందుకని నీ డబ్బా ఫోన్ నంబరు ఇచ్చాను. ఇప్పుడు వెబ్‌సైట్‌లోకి పోవాలంటే ఓటీపీ నీకే వస్తుంది. నేను ఫోన్ చేస్తే నీకు వినపడదు, మెసేజ్ పెడితే తెరవడం నీకు రాదు. వేణు బావకు చేస్తే వినపడుతుంది గానీ, నేను బావకు ఫోన్ చేసిన సంగతి దేవమ్మత్తకు తెలిస్తే సాయంత్రానికల్లా పెళ్లి పందిరి వేయిస్తుంది. నేనే కోదాడ వద్దామంటే మిల్లులో లీవు లేదు. అడిగితే సూపర్‌వైజర్ తిరుపతిది ఒకటే మాట, "పో. మల్ల రాకు." అందుకే ఈ ఉత్తరం.

నువ్వు నెట్ సెంటర్‌కు పోయి నా వెబ్ ఆప్షన్లు పెట్టాలి. ముప్పయ్యో తారీఖు ఆఖరు. ఏ కోర్సు ఎక్కడ కావాలో వరుసగా పెట్టాలి. పై నుంచి చూసుకుంటూ వస్తారు. మొదటిది దొరికితే అదే ఇస్తారు, కిందివాటిని చూడనే చూడరు. నా వరుస ఇది. మొదటిది హైదరాబాద్‌లోని యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఆస్ట్రానమీ. అది రాకపోతే అక్కడే ఎమ్మెస్సీ ఫిజిక్స్. అదీ రాకపోతే నల్లగొండలో ఫిజిక్స్. సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీ కూడా లిస్టులో కనిపిస్తుంది. అక్కడ ల్యాబుకు తాళం వేసి ఉంటుందని అందరికీ తెలుసు. మరీ భయమైతే దాన్ని అడుగున పెట్టు.

ఆస్ట్రానమీ ఎందుకని అడుగుతావు. అమ్మ కూడా అడిగింది. "మొగులు మీద ఏముంటదే? ఉంటే వాన, లేకుంటే ఎండ. దానికి హైదరాబాద్ దాంక పోవుడెందుకు?" అంది.

నేను మిల్లులో సార్టెక్స్ మిషన్ దగ్గర ఉంటాను కదా. బియ్యం మీద వెలుతురు పడుతుంది, కెమెరా నల్లగింజను పట్టుకుంటుంది, గాలి దాన్ని ఊదేస్తుంది. చుక్క వెలుతురును రంగులుగా చీల్చి అందులో ఏముందో చెప్పొచ్చని ఒక పుస్తకంలో చదివినప్పుడు నాకు వింత అనిపించలేదు. మా మిషనే కదా అనుకున్నాను. అప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను. కానీ మామా, ఒక్కదాన్నే చదివితే తప్పు తెలియదు. నేను లెక్క తప్పు చేస్తే పుస్తకం నోరెత్తదు. ఇన్నేళ్లూ నాకు నేనే సార్‌ను, నాకు విసుగొచ్చింది. ఒక మనిషి ఎదురుగా నిలబడి "మంజులా, ఇది తప్పు" అనాలి. నాకు కావాల్సింది అదొక్కటే.

వరుస మార్చకు. మళ్లీ చెప్తున్నాను, మార్చకు.

మంజుల


కోదాడ,
30-8-2025.

చిరంజీవి మంజులకు మామ గురవయ్య దీవెనలు.

పండుగ సెలవు అడ్డొచ్చి నీ ఉత్తరం నిన్న చేరింది. మీ అత్త నాచేత పైకి చదివించుకుంది. ర్యాంకు దగ్గర కళ్లు తుడుచుకుంది, పందిరి దగ్గర మూతి ముడుచుకుంది. చూసి చదవాల్సింది, నాదే పొరపాటు.

మా వీధిలో వినాయకుడి మైకులు పొద్దస్తమానం మోగుతున్నాయట. అందరూ తలలు పట్టుకుంటున్నారు, నేనొక్కడినే హాయిగా పేపరు చదువుకుంటున్నాను. చెవులు పోయినందుకు ఏడాదిలో ఈ తొమ్మిది రోజులే లాభం.

ఇవాళ వేణు బండి మీద నెట్ సెంటర్‌కు తీసుకెళ్లాడు. పిల్లలు, వాళ్ల తండ్రులు, చెమట. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఓటీపీ వచ్చింది, పని పూర్తయింది. నువ్వు రాసినవన్నీ పెట్టాను, ఒక్కటి కూడా వదల్లేదు. వరుస విషయంలో మాత్రం కాస్త నా అనుభవం ఉపయోగించాను. చిన్న మార్పే. ఉద్యోగమంతా ఈ ట్రాన్స్‌ఫర్లు, ఆప్షన్ల మధ్య నలిగినవాణ్ణి, ఇందులోని కిటుకు నాకు తెలుసు. నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ సర్టిఫికెట్లు నా బీరువాలో భద్రంగా ఉన్నాయి. మీ రూము కురిసినా వాటికి భయం లేదు. మీ అమ్మ ఎల్లమ్మను మిల్లులో ముక్కుకు గుడ్డ కట్టుకోమను. అన్న చెప్పాడని చెప్పు, నువ్వు చెప్తే వినదు.

ఆశీస్సులతో,
మామ


మిర్యాలగూడ,
5 సెప్టెంబర్ 2025.

మామా,

చిన్న మార్పంటే ఏంది?

ఉత్తరంలో పండుగ రాశావు, మైకులు రాశావు, చెమట రాశావు. ఏ ఆప్షన్ ఎక్కడ పెట్టావో మాత్రం రాయలేదు. నేను ఎనిమిదో తరగతి పిల్లను కాను, నువ్వు నా జవాబు పత్రం దిద్దడం లేదు.

నిన్న మిల్లు ముందర టీ కొట్టు దగ్గర నుంచి ఫోన్ చేశాను. నువ్వు ఎత్తి "హలో, హలో, ఎవరండీ?" అని అరిచావు. నేనూ అరిచాను, "మామా, మొదట ఏది పెట్టినవ్?" అని. నువ్వు "రాంగ్ నంబర్" అని పెట్టేశావు. హమాలీలు ఒకటే నవ్వు. "ఎవలే మంజులా, చెవిటి మొగడా?" అన్నాడొకడు. "నీ అసొంటోడు గాదు, ఆయనకు చెవులే పోయినయి, నీకు సిగ్గు పోయింది" అన్నాను. ఆ తర్వాత నవ్వలేదు.

గడువు అయిపోయింది, ఇప్పుడు మార్చలేం. ఏం చేశావో అదన్నా చెప్పు. ఇంకొక మాట. సీటు ఎక్కడ వచ్చినా నా సర్టిఫికెట్లు ఏ కాలేజీకీ ఇవ్వకు. టీసీ ఒకసారి ప్రైవేటోళ్ల బీరువాలో పడిందంటే బయటికి రాదు. నేను వచ్చి చూసుకుంటాను. అప్పటిదాకా నీ బీరువా తాళం తియ్యకు.

మంజుల


కోదాడ,
7-9-2025.

చిరంజీవి మంజులకు,

నీ జవాబు ఇంకా రాలేదు, మిల్లు పనిలో తీరిక ఉండదని నాకు తెలుసు. అయినా ఈ వార్త ఆగనివ్వడం లేదు. నీకు సీటు వచ్చింది బిడ్డా! మొన్న నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. వేణు చదివి నా వీపు మీద చరిచాడు. సూర్యాపేటలో ఎమ్మెస్సీ ఫిజిక్స్, అదీ మొదటి ఆప్షనే!

ఇప్పుడు కిటుకు చెప్తాను. నేను ఉద్యోగం నుంచి దిగిపోయే ముందు చివరి ట్రాన్స్‌ఫర్లలో కోదాడ టౌన్ బడి మొదటి ఆప్షన్ పెట్టాను, పక్కనున్న చిన్న ఊరి బడి రెండోది పెట్టాను. కోదాడ ఎవరో తన్నుకుపోయారు. నా రెండో ఆప్షన్ దగ్గరికి వచ్చేలోపు దాన్ని మొదటిగా పెట్టుకున్నవాళ్లు తీసుకుపోయారు. రెండూ పోయి, కృష్ణ ఒడ్డున ఆఖరి ఊళ్లో పడ్డాను. రోజూ రెండు బస్సులు, ఒక ఆటో. రిటైరయ్యే రోజు కూడా ఆటోలోనే ఇంటికొచ్చాను. పెద్దదానికి ఎగబడి దగ్గరిది పోగొట్టుకున్నాను. ఆ గతి నీకు పట్టకూడదని సూర్యాపేటను అన్నిటికంటే పైన పెట్టాను. ఆస్ట్రానమీ కూడా పెట్టాను సుమా, దాని కిందే.

ఇంకో మంచి మాట. సీటు నిలబడాలంటే నిన్నటిలోగా కాలేజీలో సర్టిఫికెట్లు ఇవ్వాలన్నారు. నిన్న నేనూ వేణూ పోయి ఇచ్చేశాం. నువ్వు రాలేదని ఒప్పుకోరేమో అనుకున్నాను. తీరా చూస్తే ఆఫీసు క్లర్కు రాజు నా పాత విద్యార్థి. లేచి నిలబడ్డాడు. "మీరొస్తే పిల్ల వచ్చినట్లే సార్" అని కాగితం మీద రాసి చూపించి టీసీ తీసుకున్నాడు.

మీ అత్త పై గదికి సున్నం వేయిస్తోంది. మా ఇంట్లోనే ఉండి బస్సులో పోయి రావచ్చు. ఎల్లమ్మ కూడా ఆ మిల్లు వదిలి వచ్చేస్తే నాకు అంతకంటే ఏం కావాలి.

సంతోషంతో,
మామ


మిర్యాలగూడ,
11 సెప్టెంబర్ 2025.

మామా,

నీ సంతోషం అందింది. గేటు దగ్గర నిలబడి చదివాను. తిరుపతి "ఎవలన్న సచ్చిపోయిన్రా?" అని అడిగాడు. లేదని చెప్పాను. మిషన్ దగ్గరికి పోయి నిలబడ్డాను. నల్లగింజలు బియ్యంలో కలిసి పోతుంటే చూస్తూ ఉన్నాను, మిషన్ స్విచ్ వేయలేదని చాలాసేపటికి గాని తెలియలేదు.

నీకు అర్థమయ్యేటట్లు చెప్తాను. ఎవరు ఏది ముందు పెట్టారని చూడరు. ముందు ర్యాంకు చూస్తారు. నా ర్యాంకు వంతు వచ్చినప్పుడు ఏ సీట్లు ఖాళీ ఉన్నాయో చూస్తారు, వాటిలో నేను అన్నిటికంటే పైన పెట్టింది ఇస్తారు. ఆస్ట్రానమీ మొదట పెట్టి అది రాకపోయినా సూర్యాపేట సీటు నాకు అట్లనే ఉండేది. కింద పెట్టినందుకు ఏదీ పోదు. పైన పెట్టినందుకే పోయింది.

నీ కోదాడ బడి సంగతి కూడా విను. అది వరుస తప్పు కాదు, నీ పాయింట్లు తక్కువ. ఏ వరుసలో పెట్టినా నీకు వచ్చేది ఆ ఏటి ఒడ్డు ఊరే. ఇన్నేళ్లు ఆటోలో కూర్చొని ఒక అబద్ధాన్ని మోశావు, దిగినంక తెచ్చి నా నెత్తిన పెట్టావు.

ఆస్ట్రానమీ సీట్లు ఎన్ని నిండాయో తెలుసా? సగం కూడా నిండలేదు. నాకంటే ఎంతో వెనక ర్యాంకు వాళ్లకు వచ్చింది. అక్కడ ఎగబడ్డవాడు ఎవడూ లేడు మామా. నువ్వు లేని తొక్కిసలాట చూసి భయపడి నన్ను వెనక్కి గుంజావు. రెండో విడత ఉంది, కానీ మొదటి ఆప్షనే వచ్చినవాళ్లను అందులోకి రానివ్వరు. వాళ్ల లెక్కలో నేను కోరుకున్నదే నాకు దొరికింది. కంప్యూటర్‌కు తెలుసా, కోరుకున్నది నువ్వని?

మిగిలింది ఒక్కటే దారి. చివర్లో ఖాళీ సీట్లకు యూనివర్సిటీలోనే స్పాట్ అడ్మిషన్లు పెడతారు. దానికి నా టీసీ చేతిలో ఉండాలి. అది నీ శిష్యుడి బీరువాలో ఉంది.

పై గదికి సున్నం దేనికో నాకు తెలియదనుకున్నావా? నేను హైదరాబాద్ పోతే చేయి దాటిపోతానని, దగ్గర కట్టేస్తే వేణు బావకు ముడిపెట్టొచ్చని అత్తా నువ్వూ అనుకున్నారు. నేరుగా అడగాల్సింది. నేరుగా వద్దనేదాన్ని. నా ఎంట్రన్స్‌తో ఆడుకోవడం ఎందుకు?

టీసీ తీసుకురా. దీవెనలు పంపకు.

మంజుల


కోదాడ,
17-9-2025.

మంజులకు,

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించలేదు. ఇలా దాచడం ఇదే మొదటిసారి. "ఏం రాసిందండీ?" అని సైగ చేస్తే, "బాగుందట" అన్నాను.

వేణు సంగతి. దేవుడి మీద ఒట్టు, నాకు ఆ ఆలోచన లేదు. ఉంటే మీ అమ్మ ముందు కూర్చొని అడుగుతాను. నా చెల్లెలి బిడ్డను కాలేజీ అడ్డం పెట్టుకొని తెచ్చుకునేంత దిగజారలేదు. నువ్వు ఆ మాట రాసే ముందు ఒక్క క్షణం ఆగాల్సింది.

టీసీ కోసం రెండుసార్లు సూర్యాపేట పోయాను. రాజు ఈసారి లేచి నిలబడలేదు. ప్రిన్సిపాల్ దగ్గరికి పంపాడు. ఆయన చాలాసేపు మాట్లాడాడు, నాకు ఒక్క ముక్క వినపడలేదు. కాగితం మీద రాయమన్నాను. "కోర్సు అయ్యాక" అని రెండే మాటలు రాసి, వెళ్లొచ్చని చేయి చూపించాడు. రెండోసారి గదిలోకే రానివ్వలేదు. బయట బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ పాఠం చెప్పే సార్లెవరూ కనిపించలేదు, అసలు పిల్లలే కనిపించలేదు. నువ్వు చెప్పినట్టు ల్యాబుకు తాళం ఉంది.

నా పాయింట్ల గురించి రాశావు. ఆ సంవత్సరం కాగితాలు తీసి లెక్క వేసుకున్నాను. నువ్వు చెప్పింది తప్పని చూపించాలని రెండు పూటలు కూర్చున్నాను. చూపించలేకపోయాను. అయినా ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు. ఒప్పుకుంటే ఆ బస్సులన్నీ దేనికి ఎక్కినట్టో నాకు తెలియదు.

ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఫిజిక్స్ ఫిజిక్సే కదా. ఎక్కడ చదివినా పుస్తకం అదే. నువ్వు పుస్తకాలతోనే ఇంత దూరం వచ్చినదానివి. ఈ రెండేళ్లు ఓర్చుకో.

గురవయ్య


మిర్యాలగూడ,
29 సెప్టెంబర్ 2025.

మామా,

వేణు బావ గురించి అన్న మాట వాపసు తీసుకుంటున్నాను. మిగతావి తీసుకోను.

పోయిన వారం లీవు అడిగాను. తిరుపతి "పో. మల్ల రాకు" అన్నాడు. పోయాను. బావకు నేనే ఫోన్ చేశాను, సూర్యాపేటకు వచ్చాడు. నీకు చెప్పలేదంటే నేనే వద్దన్నాను. ప్రిన్సిపాల్ కుర్చీ చూపించాడు. నేను ఆయన టేబుల్ ముందర నేల మీద కూర్చున్నాను. టీసీ ఇచ్చేదాకా లేవనన్నాను. పోలీసులను పిలుస్తానన్నాడు. "పిలువుండ్రి. వాళ్లకు మీ ల్యాబు తాళం తీసి సూపియ్యుండ్రి" అన్నాను. తల్లిదండ్రులు వస్తున్నారు, తొంగి చూస్తున్నారు, పోతున్నారు. బావ గుమ్మంలో నిలబడి "ఇయ్యకుంటే రేపు గూడ గిట్లనే కూసుంటది సార్. మీకు తెల్వదు ఈమె సంగతి" అన్నాడు. మూడో రోజు ప్రిన్సిపాల్ టీసీ టేబుల్ మీద పారేశాడు. "గిసొంటిదాన్ని క్లాసుల కూసోబెట్టుకొని మేమేం జేస్తం, తీస్కపో" అన్నాడు.

బస్టాండులో టీ తాగుతుంటే బావను మొహం మీదే అడిగాను. "నిన్ను చేసుకునుడు మా అమ్మ ముచ్చట. నాకైతే నీకు దండం" అని నిజంగానే దండం పెట్టాడు. "నాయినకు గా ముచ్చటనే తెల్వదు. ఆయనకు ట్రాన్స్‌ఫర్ల పిచ్చి తప్పితే తలకాయల ఇంకేం లేదు." నేను నవ్వాను. నవ్వి చాలా రోజులైంది.

ఆ నవ్వు హైదరాబాద్‌లో అయిపోయింది. నేను పోయేసరికి ముందురోజే స్పాట్ అడ్మిషన్లు ముగిశాయి. అయినా డిపార్ట్‌మెంట్ దాకా పోయాను. ఇంత దూరం వచ్చి చూడకుండా ఎట్లా పోతాను. పాత బిల్డింగ్, పొడుగు వరండా, గోడలకు సార్ల పేర్లు. ఒక గది తలుపు తీసి ఉంది. నల్లబల్ల మీద సగం చెరిపిన లెక్క ఉంది. ఎవరో తప్పు చేస్తే, ఇంకెవరో ఎర్ర చాక్‌పీసుతో దాని చుట్టూ గీత గీశారు. ఆ గీతను చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

ఆఫీసులో ఒక మేడం ఉంది. మంచి మనిషే. "ఆస్ట్రానమీ ఈ ఏడు నడుస్తలేదమ్మా" అంది. పదిమంది లేకుంటే కోర్సు నడపొద్దని రూలట. కౌన్సెలింగ్‌లో, స్పాట్‌లో అందరినీ కలిపితే తొమ్మిదిమందే అయ్యారు. సాయంత్రం దాకా చూసి మూసేశారు. చేరినవాళ్ల కాగితాలు వాళ్లకు వాపసు ఇస్తున్నారు. అప్పటికే ఫిజిక్స్ సీట్లు నిండిపోయాయి. నేను నా కాగితాలు టేబుల్ మీద పెట్టి "నేనున్న మేడం, నన్ను తీస్కోండి" అన్నాను. ఆమె నా ర్యాంకు చూసింది, నా మొహం చూసింది. "నిన్న యాడున్నవమ్మా?" అంది.

నాకు నోరెక్కువని ఊరంతా అంటారు కదా. ఆ రోజు టేబుల్ మీది కాగితాలు ఒక్కొక్కటే ఏరుకొని బయటికి వచ్చాను.

మిర్యాలగూడ బస్సు దొరక్క సూర్యాపేట బస్సు ఎక్కాను, నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. పేరు జ్యోత్స్న, వాళ్లది సూర్యాపేట పక్కన ఆత్మకూర్. ఒళ్లో హాస్టల్ బ్యాగు, బకెట్, కొత్త దుప్పటి. నాలుగు రోజులు హాస్టల్‌లో ఉండి ఇంటికి పోతోంది. ఆ తొమ్మిదిమందిలో ఒకతె. "వచ్చే ఏడు రమ్మన్నరక్కా. వచ్చే ఏడా? మా నాయిన ఈ ఏడుకు ఒప్పుకునుడే పెద్ద గండం. ఇగ అయిపోయింది" అంది. ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి వచ్చినట్టుంది. నన్ను ఎందుకు వచ్చావని అడిగింది. చెప్పాను. ర్యాంకు అడిగింది. అదీ చెప్పాను. బకెట్ గట్టిగా పట్టుకుంది.

"నాకంటే ఎంత మంచి ర్యాంకు నీది! మొదాలే నువ్వు పెట్టుకుంటే నీకు వస్తుండె గద. పదిమందిమి అయితుంటిమి. ఎందుకు పెట్టలేదక్కా?"

గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది. చౌటుప్పల్ దాటింది, నకిరేకల్ దాటింది. మా మామ పెట్టాడని చెప్పనా? ఎందుకు పెట్టాడంటే ఏం చెప్పను? ఏటి ఒడ్డు బడి, రెండు బస్సులు, ఒక ఆటో, ఇవన్నీ ఆ పిల్లకు ఎట్లా చెప్పాలి? చెప్తే మాత్రం దేనికి పనికొస్తుంది? ఇన్నాళ్లు నా సీటు పోయిందనే నీ మీద మండిపడ్డాను. ఇంకో తొమ్మిదిమంది ఉన్నారని నాకు తెలియదు. నీకూ తెలియదు. నీకు నా ఒక్కదాని గురించే భయం, నాకు నా ఒక్కదాని గురించే కోపం.

పాత మిల్లులో నా జాగాలో వేరే ఆమెను పెట్టుకున్నారు. ఇప్పుడు ఇంకో మిల్లులో ఊక ఎత్తుతున్నాను. అమ్మ నీ గదికి రానంది, ఎందుకని నేను అడగలేదు. వచ్చే ఏడు ఎంట్రన్స్ రాస్తానో లేదో ఇవాళ చెప్పలేను. సర్టిఫికెట్లు నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

సూర్యాపేటలో దిగేటప్పుడు జ్యోత్స్నతో ఒక కాగితం మీద అడ్రసు రాయించుకున్నాను. "నువ్వు అడిగినదానికి మా మామ జవాబు రాస్తడు" అన్నాను. "మీ మామనా? ఆయనకేం సంబంధం?" అంది. ఆటో అతను తొందర పెడుతున్నాడు. ఎక్కి పోయింది.

ఆ కాగితం దీంట్లోనే పెట్టాను. ఆమెకు రాయి మామా. నాకు రాయకపోయినా సరే. కిటుకు అని రాయకు, అనుభవం అని రాయకు. ఏం జరిగిందో రాయి.

మంజుల